స్టెంట్ వేసిన నాన్నకి పై దవడ పన్ను తీయించాలి, ఏమేం తేడా కొట్టొచ్చు?

పుణే_తెనాలి
అందరికీ నమస్కారం. మా నాన్నకి 64 ఏళ్లు, తెనాలిలో ఉంటారు. రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్ర వాడుతున్నారు, షుగర్ మాత్రలు కూడా ఉన్నాయి. పై దవడలో కుడివైపు పెద్ద పన్ను పూర్తిగా పుచ్చిపోయి మొదళ్లు మాత్రమే మిగిలాయి. రూట్ కెనాల్‌కి పనికిరాదు, తీసెయ్యాల్సిందే అన్నారు డెంటిస్ట్. గుండె డాక్టర్ దగ్గర లెటర్ తీసుకురమ్మన్నారు.

ఇంతలో పక్కింటాయన "రక్తం పలచబడే మాత్ర ఐదు రోజులు ఆపి వెళ్లండి, లేకపోతే రక్తం ఆగదు" అన్నారట. మెడికల్ షాపు అబ్బాయిదీ అదే మాట. మా నానమ్మ అయితే పై పన్ను పీకిస్తే చూపు పోతుందని ఒకటే గొడవ. దాంతో నాన్న అసలు తీయించుకోనే తీయించుకోనంటున్నారు. నేను శనివారం ఊరెళ్తున్నా. నిజంగా ఏమేం జరగొచ్చో తెలిస్తే ఆయనతో మాట్లాడటం తేలిక. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_కిరణ్
ముందు ఆ మాత్ర ఆపలేదు కదా? ఆపి ఉంటే ఈ రోజే గుండె డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మిగతావన్నీ తర్వాత.

పుణే_తెనాలి
ఆపలేదండీ. ఆపమని చెప్పినవాళ్లే ఎక్కువ, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పళ్ల_డాక్టరమ్మ_విశాఖ
మీ డెంటిస్ట్ లెటర్ అడిగారంటే సరైన మనిషి దగ్గరికే వెళ్లారు. ఒక పన్ను తీయడానికి ఈ మాత్రలు ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. పన్ను తీసిన గుంటలో వచ్చే రక్తం మా కళ్లెదుటే ఉంటుంది, వేలితో నొక్కి పట్టుకోగల చోటు. గాజుగుడ్డ పెట్టి గట్టిగా కొరికిస్తాం, గుంటలో జెలటిన్ స్పాంజి పెడతాం, కుట్లు వేస్తాం, అవసరమైతే రక్తపు గడ్డ కరగకుండా నిలబెట్టే ట్రానెక్సామిక్ యాసిడ్‌తో తడిపిన గుడ్డ పెడతాం. మాత్ర వేసుకునేవాళ్లకి రక్తం ఆగడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అదే మాత్ర ఆపినప్పుడు స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు. అది క్లినిక్‌లో కుట్టేస్తే పోయేది కాదు.

ఇది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి. గుండె కవాటం మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్, ఏసిట్రోమ్ లాంటి వాటికి ముందురోజు రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించి, 4 దాటకపోతే మామూలుగా ముందుకెళ్తాం. అపిక్సాబాన్, రివరోక్సాబాన్ లాంటి కొత్త మాత్రలకి ఐఎన్‌ఆర్ చూసి ఉపయోగం లేదు. ఆ రోజు ఉదయం డోసు వేసుకోవాలా, కాస్త ఆలస్యం చెయ్యాలా అన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి. ఏ మాత్రయినా ఆపే నిర్ణయం రాసిచ్చిన డాక్టర్‌ది, పక్కింటాయనది కాదు.

షుగర్ విషయం: పరగడుపున తీసుకెళ్లకండి. ఉదయం టిఫిన్ చేసి, మాత్ర వేసుకుని, ఆ తర్వాతే. మత్తు సూది అనగానే చాలామంది కడుపు మాడ్చుకుని వస్తారు. కుర్చీలో కూర్చోగానే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. పరగడుపున రావడం పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్‌కి ఉండే నియమం, పన్నుకి కాదు.

సందేహాల_సాంబయ్య
పై దవడ పెద్ద పన్ను అంటే నాకు మా బాబాయే గుర్తొస్తాడు. పన్ను తీయించుకుని ఇంటికొచ్చి చల్లారిన కాఫీ తాగితే ముక్కులోంచి కారింది. ఆయన హడలిపోయాడు, ఇంట్లో వాళ్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలా కూడా అవుతుందా డాక్టర్ గారూ, లేక ఆయన డాక్టర్ ఏదైనా పొరపాటు చేశాడా?

పళ్ల_డాక్టరమ్మ_విశాఖ
పొరపాటు లేకుండా కూడా అవుతుంది సాంబయ్య గారూ. పై పెద్ద పళ్ల వేళ్లకి పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది. కొందరిలో వేరు కొనకీ ఆ గదికీ మధ్య ఎముక కోడిగుడ్డు పెంకంత పలచగా ఉంటుంది, కొందరిలో అదీ ఉండదు, ఉత్త పొరే. వేరుతో పాటు ఆ పెంకు ఊడి వస్తే నోటికీ సైనస్‌కీ దారి ఏర్పడుతుంది.

రెండు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే, రక్తపు గడ్డ నిలబడితే, దానంతటదే మూసుకుంటుంది. అంతకన్నా పెద్దదైతే కుట్టు వేస్తాం. ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటే పక్క చిగురుని కోసి లాగి కప్పాలి. అసలు పని ఇంటికెళ్లాకే ఉంటుంది: రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రా వాడకూడదు, పొగ తాగకూడదు, బెలూన్లు ఊదకూడదు. చివరిది నవ్వుకోడానికి రాయలేదు, మనవడి పుట్టినరోజుకి బెలూన్లు ఊది కుట్లు తెంపుకుని వచ్చిన తాతగారు ఉన్నారు.

పుణే గారూ, మీ నాన్నగారి పన్ను కూడా ఈ కోవలోనిదే. ఎక్స్‌రేలో వేళ్లు సైనస్‌కి ఎంత దగ్గరగా ఉన్నాయని అడగండి. ఆయనకి తరచూ జలుబు, సైనస్ బాధ ఉంటే అదీ చెప్పండి.

హన్మకొండ_రాజు
నేను కింది జ్ఞానదంతం గురించి చెప్తా, మా రూమ్మేట్‌ది. తీయించుకున్న రోజు బాగానే ఉన్నడు, రెండో రోజు ఇంకా బాగున్నడు, బిర్యానీ తెప్పించుకున్నడు. మూడో రోజు రాత్రి మొదలైంది నొప్పి. చెవిలోకి, కణతలోకి పోటు. నోరంతా కంపు. మెడికల్ షాపుకి పోతే యాంటీబయాటిక్ మార్చి ఇచ్చిన్రు, తగ్గలే. మళ్లా మార్చిన్రు, అయినా తగ్గలే. చివరికి డెంటిస్ట్ దగ్గరికి పోతే గుంట కడిగి లవంగం వాసనొచ్చే మందేదో పెట్టిండు. ఇంటికొచ్చే లోపల మనిషి నిద్రపోయిండు. డ్రై సాకెట్ అన్నరు.

దవడ_సర్జన్
డ్రై సాకెట్‌ని ఇంత కచ్చితంగా వర్ణించినందుకు రాజు గారికి థ్యాంక్స్. మా విద్యార్థులకి చూపించొచ్చు.

పన్ను తీశాక నొప్పి రోజురోజుకీ తగ్గుతూ ఉండాలి. వాపు మాత్రం రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది, దానికి కంగారు వద్దు. కానీ తగ్గిన నొప్పి మూడు, నాలుగు రోజులకి తిరగబడి చెవిలోకి పోటు పెడితే గుంటలో రక్తపు గడ్డ కరిగిపోయి ఎముక బయటపడిందని అర్థం. మామూలు పళ్లలో నూటికి రెండు నుంచి ఐదుగురికి వస్తుంది, కింది జ్ఞానదంతాల్లో అంతకన్నా చాలా ఎక్కువ. సిగరెట్, బీడీ తాగేవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలో, పన్ను తీయడం కష్టమైనవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఇది చీము పట్టే ఇన్ఫెక్షన్ కాదు, కాబట్టి యాంటీబయాటిక్‌తో తగ్గదు. సెలైన్‌తో కడిగి మందు పెట్టాలి, అవసరమైతే ఒకటి రెండు రోజులకి మళ్లీ మార్చాలి. మెడికల్ షాపులో ఎన్ని రంగుల మాత్రలు కొన్నా దండగ.

గడ్డ నిలబడాలంటే మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, నాలుకతో కెలకకూడదు. మనవాళ్లకి ఉమ్మకుండా ఉండటం కన్నా ఉపవాసం తేలిక. లాలాజలంలో కాస్త ఎరుపు కనిపించగానే ఉమ్ముతారు, ఉమ్మేకొద్దీ మళ్లీ రక్తం. మింగెయ్యండి, ఏమీ కాదు. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు.

అమ్మమ్మ_చిట్కాలు
ఇంత హడావుడి అక్కర్లేదండీ. మా ఇళ్లల్లో గుంటలో పసుపు, కాఫీ పొడి కలిపి కూరేవాళ్లం. రక్తం టక్కున ఆగేది. లేదంటే దూదిని లవంగ నూనెలో ముంచి పెట్టుకోవాలి.

పళ్ల_డాక్టరమ్మ_విశాఖ
అమ్మా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది చదివి ఎవరూ చెయ్యొద్దు. కాఫీ పొడి కూరినప్పుడు ఆగింది కాఫీ వల్ల కాదు, మీరు అదిమిపెట్టినందువల్ల. ఆ అదుముడు శుభ్రమైన గుడ్డతోనూ వస్తుంది. పొడులు గుంటలో ఇరుక్కుపోతే మేం మళ్లీ మత్తిచ్చి గీకి తియ్యాలి. లవంగ నూనెలోని యూజెనాల్ మేం పెట్టే మందులోనూ ఉంటుంది, నిజమే, కానీ పచ్చి నూనె నేరుగా పోస్తే చిగురు, బుగ్గ లోపలి చర్మం కాలతాయి.

అమ్మమ్మ_చిట్కాలు
మాకు కాలలేదు మరి.

డల్లస్_దేవి
ఇక్కడ అందరూ రక్తం, నొప్పి గురించే మాట్లాడుతున్నారు. నాకు జరిగింది వేరు. కింది జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉంటే ఓరల్ సర్జన్ దగ్గర తీయించుకున్నా. సంతకం పెట్టించుకున్న కాగితంలో "పెదవి తిమ్మిరి, తాత్కాలికం లేదా శాశ్వతం" అని ఉంది. ఆ లైన్ ఎవరు చదువుతారు? మరుసటి రోజుకి మత్తు దిగిపోయింది, కింది పెదవి కుడి సగం, గడ్డం మాత్రం అలాగే ఉండిపోయాయి. నొప్పి లేదు. కానీ చారు తాగితే గడ్డం మీద కారుతున్నా తెలిసేది కాదు, ఎదుటివాళ్లు టిష్యూ అందిస్తే తెలిసేది. తింటూ పెదవి కొరుక్కునేదాన్ని.

వెంటనే ఫోన్ చేశా. సర్జన్ దూది కొసతో, పిన్నుతో ముట్టి చూసి ఎంత మేర స్పర్శ లేదో బొమ్మ గీసి ఫైల్‌లో పెట్టారు. ప్రతిసారీ ఆ బొమ్మ చిన్నదవుతూ వచ్చింది. మొదట చీమలు పాకినట్టు, తర్వాత జివ్వుమనడం, తర్వాత మామూలు. గడ్డం కింద రూపాయి బిళ్లంత చోట ఇప్పటికీ సగం సగమే. బతికేస్తున్నా.

దవడ_సర్జన్
దేవి గారూ, చీమలు పాకినట్టు అనిపించడం నరం కోలుకుంటోందనడానికి మంచి గుర్తు. కింది దవడ ఎముక లోపల ఒక కాలువలో ఈ నరం వెళ్తుంది. జ్ఞానదంతం వేళ్లు కొందరిలో దాన్ని ఆనుకుని, ఒక్కోసారి చుట్టుకుని ఉంటాయి. ఎక్కువమందికి వారాల్లోనో, ఆరు నెలల్లోనో స్పర్శ తిరిగొస్తుంది. శాశ్వతంగా మిగిలేది నూటికి ఒకరికన్నా తక్కువ. నాలుకకి వెళ్లే నరం దెబ్బతింటే నాలుక ఒక పక్క తిమ్మిరెక్కుతుంది, రుచి మారుతుంది.

అందుకే కింది జ్ఞానదంతానికి దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తప్పనిసరి. అందులో వేరు నరం మీద పడినట్టు కనిపిస్తే అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయిస్తాం. మరీ ప్రమాదంగా ఉంటే పన్ను పైభాగం కోసి తీసేసి వేళ్లు అక్కడే వదిలేసే పద్ధతి ఉంది, కరోనెక్టమీ అంటారు.

వేరు వదిలెయ్యడమా అని ఎవరైనా అడిగేలోపు నేనే చెప్తా. పన్ను తీసేటప్పుడు వేరు కొన విరగడం మాకు నిత్యం జరిగే పని. వంకర వేళ్లు, గతంలో రూట్ కెనాల్ చేసిన పళ్లు, వయసు మళ్లినవాళ్ల గట్టి ఎముక ఉంటే మరీను. మామూలుగా తీసేస్తాం. కానీ రెండు మూడు మిల్లీమీటర్ల కొన, చీము లేనిది, నరానికో సైనస్‌కో ఆనుకుని ఉంటే, దాని కోసం తవ్వడం వల్లే ఎక్కువ నష్టం. వదిలేసి, రోగికి చెప్పి, ఎక్స్‌రేతో చూసుకుంటూ ఉంటాం. చెప్పకుండా దాచడం మాత్రం తప్పు.

కృష్ణలంక_కిరణ్
నానమ్మ గారి చూపు సంగతి ఎవరూ చెప్పలేదు.

పళ్ల_డాక్టరమ్మ_విశాఖ
చూపు నరం వేరు, పంటి నరం వేరు, రెండూ కలిసేది లేదు. పళ్లు ఊడే వయసూ శుక్లాలొచ్చే వయసూ ఒకటే కావడంతో పళ్ల మీద నింద పడింది. మత్తు సూది వల్ల కాసేపు చూపు మసకబారడం, రెండుగా కనిపించడం చాలా అరుదుగా ఉంటుంది, మత్తు దిగితే దాదాపు అందరికీ అదీ పోతుంది. నానమ్మ గారికి చెప్పేటప్పుడు ఈ చివరి వాక్యం వదిలేయండి.

గుంటూరు_గీత
నాది కాస్త బరువైన విషయం. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకితే నెలనెలా ఎముకలు అరిగిపోకుండా జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చేవారు. పన్ను నొప్పని దగ్గర్లో ఒక క్లినిక్‌లో తీయించాం. ఆ ఇంజెక్షన్ గురించి వాళ్లు అడగలేదు, చెప్పాలని మాకూ తెలియదు. పంటికీ దానికీ సంబంధం ఏముంటుందనుకుంటాం? గుంట మానలేదు. రెండు నెలలు దాటినా ఎముక పసుపుగా బయటికి కనిపిస్తూ ఉండేది. ఆ ఇంజెక్షన్ వల్ల దవడ ఎముక కొంత చచ్చిపోయిందన్నారు. అప్పటి నుంచి మందునీళ్లతో పుక్కిలించడం, ఊడి వచ్చిన ఎముక ముక్కలు తీయించడం, మళ్లీ చీము.

ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు కూడా డెంటిస్ట్‌కి తప్పకుండా చెప్పండి. రోజూ వేసుకునే మాత్ర కాదు కాబట్టి మందుల లిస్టులో గుర్తుకు రాదు.

దవడ_సర్జన్
గీత గారు చెప్పింది చాలా ముఖ్యం. క్యాన్సర్‌కి ఇచ్చే డోసు ఎక్కువ కాబట్టి వాళ్లకి ప్రమాదం ఎక్కువ, ఎముకల బలానికి తీసుకునేవాళ్లకి చాలా తక్కువ. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్లదీ ఇదే సమస్య, అదీ ఏళ్ల తర్వాత కూడా. అందుకే రేడియేషన్ మొదలవక ముందే పాడైన పళ్లు తీసేసి, మానడానికి కనీసం రెండు వారాలు గడువిస్తాం.

మోడరేటర్
మందుల మోతాదులు అడుగుతూ పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. మాత్ర పేరు వరకు ఫర్వాలేదు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది మీ డాక్టర్‌ని అడగండి.

పుణే_తెనాలి
అందరికీ థ్యాంక్స్. రెండు ప్రశ్నలు. షుగర్ ఉంది కాబట్టి ముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా? రాత్రిపూట ఏమైతే ఆసుపత్రికి పరిగెత్తాలి?

పళ్ల_డాక్టరమ్మ_విశాఖ
షుగర్ ఉన్నవాళ్లకి నేనైతే యాంటీబయాటిక్ రాస్తాను. మానడం నెమ్మదిగా ఉంటుంది, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మళ్లీ చూపించుకోవడానికి రారు.

దవడ_సర్జన్
మేడమ్‌తో ఇక్కడ నేను ఏకీభవించను. షుగర్ అదుపులో ఉండి, చీము, జ్వరం లేకపోతే అవసరం లేదు. మళ్లీ రారని మందు రాయడం మన సౌకర్యం కోసమే. షుగర్ రెండు వందలు దాటి ఆడుతుంటే, అత్యవసరం కానప్పుడు, ముందు దాన్ని దించి తర్వాత పన్ను తీయాలి. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, గతంలో గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు వేరు, వాళ్లకి పన్ను తీసే ముందు ఒక డోసు ఇవ్వాల్సిందే. స్టెంట్ ఆ జాబితాలో లేదు.

రాత్రి పరిగెత్తాల్సినవి: అరగంట గుడ్డ నొక్కి పట్టినా నోరు నిండేలా రక్తం రావడం. దవడ కింద, గొంతు మీద వాపు గట్టిగా చెక్కలా మారడం, నాలుక పైకి లేచినట్టుండి ఉమ్మి కూడా మింగలేకపోవడం, గొంతు మారడం, ఊపిరాడకపోవడం. ఈ రెండో దాన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారు. అలాంటప్పుడు పళ్ల క్లినిక్ తెరిచే దాకా ఆగకూడదు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికే పోవాలి. పన్ను తీయించుకోకుండా చీము పట్టిన పన్నుతో నెట్టుకొచ్చేవాళ్లలోనే ఇది ఎక్కువ చూశాను. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

హన్మకొండ_రాజు
వానాకాలంలో ఇంకోటి. జ్వరం ఉంటే, డెంగీ అనుమానం ఉంటే పన్ను వాయిదా వేసుకోండి. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు తీస్తే రక్తం ఆగదు.

చిన్నారి_అమ్మ_నెల్లూరు
పిల్లల సంగతి కూడా రాస్తున్నా. మత్తు దిగే దాకా మా పాప వింతగా ఉందని కింది పెదవి నమిలేసింది. సాయంత్రానికి వాచి తెల్లటి పుండైంది. మత్తు దిగే దాకా పక్కనే కూర్చుని చూసుకోవాలి.

పుణే_తెనాలి
అప్‌డేట్. గుండె డాక్టర్ మాత్రలు కొనసాగించమని రాసిచ్చారు. సోమవారం ఉదయం ఇడ్లీ తిని వెళ్లాం. కుర్చీలో కూర్చోగానే బీపీ పెరిగింది, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి మొదలుపెట్టారు. మూడు వేళ్లు విడివిడిగా తీశారు, ఒకటి విరిగితే దాన్నీ తీశారు. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదమని సైనస్ కూడా చూశారు, బాగానే ఉంది. స్పాంజి, రెండు కుట్లు. రాత్రి దిండు మీద ఎర్రటి మరక చూసి నానమ్మ కేకలు పెట్టింది, గుడ్డ మడిచి కొరికిస్తే ఆగింది. చూపు బాగానే ఉంది, టీవీలో వార్తలు చూస్తున్నారు.

సందేహాల_సాంబయ్య
ముక్కులోంచి కాఫీ రాలేదంటే గొప్పే.

శ్రీకాకుళం_చిన్నోడు
ఆలస్యంగా వచ్చా, థ్రెడ్ మొత్తం చదివాను. మా అన్నకి కింది జ్ఞానదంతం తీయాలన్నారు. ఆయన పదేళ్లుగా గుట్కా నములుతాడు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. కారం తగిలితే మంట. ఎక్కడ తీయించాలి?

దవడ_సర్జన్
మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, అది మామూలు. మీరు చెప్పింది వింటే బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బులా ఉంది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. వక్క, గుట్కా వల్లే వస్తుంది, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. నోరు తెరుచుకోనప్పుడు పనిముట్లు లోపలికి పట్టవు, బలవంతం చేస్తే దవడ కీలు జారొచ్చు, పెదవుల మూలలు చీలొచ్చు. మామూలు క్లినిక్‌లో తొందరపడి కూర్చోబెట్టకండి. డెంటల్ కాలేజీకి తీసుకెళ్లి ముందు ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించండి. బుగ్గలో, నాలుక పక్కన తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు ఏదైనా ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. పన్ను సంగతి ఆ తర్వాత. గుట్కా ఈ రోజే ఆపించండి. పన్ను చుట్టూ వాపు, జ్వరం ఉన్నాయా?

శ్రీకాకుళం_చిన్నోడు
జ్వరం లేదు సార్. బుగ్గలో తెల్లగా ఒక చార ఉంది. రేపే తీసుకెళ్తాం.